జనరల్ పాయింటులో పడిన ఫోటో

మార్చి ఎనిమిదో తేదీ ఉదయం పదకొండున్నరకు కాకినాడలోని రాష్ట్ర ఛాయాచిత్ర భాండాగారం మొదటి అంతస్తులో, గోడకు వేలాడుతున్న ఒక ఫోటో కింది చీటీని పెంకే నూకరత్నం అనే డెబ్బై ఏడేళ్ల స్త్రీ చింపేసింది. చీటీ మీద ఫోటో తీసినవారి పేరు ఉంది. అది ఆమె భర్త పేరు. ఆమె భర్త ఆ ఫోటోలో ఉన్నాడు. ఆయన చెయ్యి ఒక కానిస్టేబుల్ చేతిలో ఉంది.

ఆ సమయంలో హాల్లో మహిళా దినోత్సవ సభ జరుగుతోంది. చీటీ చిరిగిన చప్పుడు మైకులోకి వెళ్లలేదు కాబట్టి సభ ఆగలేదు.

అంతకు ముందు ఆరు నెలల కిందట శాఖ కార్యదర్శి ఒక సదస్సుకు వెళ్లి వచ్చారు. ఫోటోగ్రఫీ చరిత్రలో స్త్రీల కృషి మరుగున పడిందని అక్కడ ఎవరో చెప్పారు. మాట నిజమే. కెమెరా వచ్చిన తొలి రోజుల నుంచీ స్త్రీలు ఫోటోలు తీశారు, డార్క్‌రూముల్లో కడిగారు, నెగెటివ్‌లు దిద్దారు, ప్రింట్లకు రంగులు వేశారు. స్టూడియో బోర్డు మీద మాత్రం భర్త పేరో మామగారి పేరో ఉండేది. కార్యదర్శి తిరిగి వచ్చిన వారానికి ఉత్తర్వు వెలువడింది. మార్చి ఎనిమిదిలోగా భాండాగారంలోని అజ్ఞాత ఛాయాచిత్రాలలో మూడింట ఒక వంతు మహిళలు తీసినవై ఉండవలెను అని అందులో ఉంది.

తీసినవారెవరో తెలియని ఫోటోలు భాండాగారంలో ఆరువందలు ఉన్నాయి. సంచాలకులు వేమవరపు దక్షిణామూర్తి సిబ్బందిని సమావేశపరిచారు. పాత స్టూడియోల వాళ్ల ఇళ్లకు వెళ్లి, ఏ ఫోటో ఎవరు తీశారో అడిగితే కొన్నయినా తేలతాయని ఒక గుమాస్తా అన్నాడు.

"అడగడం అంటే పరిశోధన" అన్నారు సంచాలకులు. "పరిశోధనకు మన కార్యాలయంలో పోస్టు లేదు. కేటాయింపుకు ఉంది."

కేటాయింపు బాధ్యత సూపరింటెండెంట్ తాళ్లూరి హైమవతికి అప్పగించారు. ఆమె అంతకు ముందు నియామకాల విభాగంలో పనిచేశారు. ఉద్యోగాల భర్తీలో ఏ ఖాళీ ఎవరి వాటాకో వరసగా చెప్పే రోస్టరును ఫోటోలకు వర్తింపజేశారు. మొదటి ఫోటో మహిళా పాయింటు. రెండు, మూడు జనరల్. నాలుగు మహిళ. అయిదు, ఆరు జనరల్. ఆ లెక్కన ఆరువందల వరకు. జనరల్ పాయింటులో స్త్రీలకూ అవకాశం ఉండాలి కదా అని అదే గుమాస్తా అడిగాడు. మహిళల వాటా మహిళా పాయింట్లతోనే నిండిపోయిందని, మించితే ఉత్తర్వును ఉల్లంఘించినట్టవుతుందని హైమవతి చెప్పారు.

తరువాత పేర్లు కావలసి వచ్చాయి. మగవాళ్ల పేర్లు మునిసిపాలిటీల పాత స్టూడియో లైసెన్సుల్లో దొరికాయి. ఫోటో ఏ ఊరిదైతే ఆ ఊరి లైసెన్సుదారు పేరు వేశారు. ఆడవాళ్లకు లైసెన్సులు లేవు. వాళ్ల పేర్లు శాఖ నుంచి రిటైరైన మహిళా పెన్షనర్ల పట్టిక నుంచి, సీనియారిటీ వరసలో తీసుకున్నారు.

రెండువందల పదిహేనో నంబరు జనరల్ పాయింటులో పడింది.

ఆ ఫోటో 1972 ఆగస్టులో తీసింది. ఓడరేవు వైపు వెళ్లే గూడ్సు పట్టాల మీద బియ్యం మిల్లు ఆడకూలీలు పదకొండు మంది కూర్చుని ఉన్నారు. వెనక ఒక వ్యాగను. ముందు వరసలో ఒకామె చంటిపిల్లకు పాలిస్తోంది. కుడివైపు ఒక కానిస్టేబుల్, లుంగీ మీద ఉన్న ఒక మనిషి చెయ్యి పట్టుకుని పైకి లాగుతున్నాడు. ఆ మనిషి కాళ్ల దగ్గర ఒక గొడుగు పడి ఉంది. మరుసటి వారం ఆ ఫోటో పత్రికలో వచ్చింది. కూలి పెరిగింది. తీసినవారి పేరు పత్రికలో వెయ్యలేదు.

లుంగీ మీద ఉన్న మనిషి జగన్నాథపురంలో సూర్యా స్టూడియో నడిపిన పెంకే సూర్యారావు. మిల్లు యజమాని ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా ఫోటోలు ఆయనవే. సమ్మె ఫోటో తియ్యమని కూలీలు వచ్చి అడిగితే ఆయన కుదరదన్నాడు. ఆయన భార్య నూకరత్నం షాపులో ఉన్న మడత కెమెరా సంచీలో పెట్టుకుని రిక్షా ఎక్కింది. స్టూడియోకు ఆడవాళ్లు వస్తే ఫోటో తీసేది ఆమే. నెగెటివ్‌లు దిద్దేదీ ఆమే. పట్టాల దగ్గర రిక్షా సీటు మీద నిలబడి ఫోటో తీసింది. అది తీస్తున్నప్పుడు సూర్యారావు అక్కడికి వచ్చాడు, పోలీసుకు చిక్కాడు.

పేటలో ఆ ఫోటో సూర్యారావు తీసినట్టుగా చెప్పుకున్నారు. ఆయన కాదనలేదు. ఆయన పోయాక మెచ్చుకోళ్లు ఆయన తమ్ముళ్లకు అందాయి. నూకరత్నం కోరింది ఒక్కటే, ఆ ఫోటో కింద తన పేరు.

జనవరిలో ముసాయిదా జాబితాను నోటీసు బోర్డులో పెట్టారు. నూకరత్నం నెగెటివ్ తీసుకుని భాండాగారానికి వచ్చింది. వెంట కొప్పిశెట్టి అప్పయ్యమ్మ ఉంది. ఫోటోలో పిల్లకు పాలిస్తున్నది అప్పయ్యమ్మే. ఆమెకు ఇప్పుడు ఎనభై దాటాయి.

హైమవతి వాళ్లకు కుర్చీలు వేయించారు.

"మామ్మగారూ, రెండువందల పదిహేను జనరల్ పాయింటండీ. మహిళలకి రాదు."

"రావడవేంటండీ, తీసిందే నేనైతేను!"

"తీసిందెవరన్నది ఇక్కడ అంశం కాదండీ. పాయింటు ఎవరిదన్నది అంశం."

"ఇదిగో నెగెటివు. నా ట్రంకుపెట్టెలో ఉందండీ ఇన్నాళ్లూ."

"నెగెటివ్ కలిగి ఉండటం తీసినట్టు రుజువు కాదు. మీ పెట్టెలో పట్టుచీర ఉంటే మీరు నేసినట్టా చెప్పండి?"

అప్పయ్యమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. "నేను సెప్తానమ్మా. ఈ రత్నమే తీసింది. రిచ్చా మీద నిలబడి, కదలకండే, కదలకండే అని అరిసింది. అక్కడ కూకున్నది నేనే. ఇదిగో, పిల్లకి పాలిత్తన్నాను."

"మీరు ఫోటోలో ఉన్నారు కాబట్టి విషయం కిందికి వస్తారండీ. సాక్షి కిందికి రారు."

"విసయవంటే ఏంటే రత్నం?"

"నువ్వేలే అక్కా. మాటాడకు."

నూకరత్నం ఫోటో ప్రింటు బల్ల మీద పెట్టి వేలు చూపించింది. "మీరు పేరేసిన సూర్యారావు ఈయనేనండీ. మా ఆయన. ఫోటోలో ఉన్న మనిషి ఫోటో ఎలా తీస్తాడండీ?"

హైమవతి భూతద్దం తెప్పించి చూశారు.

"ఫోటోలో ఉన్న వ్యక్తి ఆ ఫోటో తియ్యరాదని నిబంధనల్లో ఎక్కడా లేదండీ."

"ఆయన చెయ్యి పోలీసు పట్టుకున్నాడు కదండీ!"

"రెండో చెయ్యి ఖాళీగా ఉంది."

అప్పయ్యమ్మ నవ్వింది. నూకరత్నం నవ్వలేదు. హైమవతి గొంతు తగ్గించారు. తనకు ఆ ఉద్యోగం తప్ప వేరే దిక్కు లేదని, చేతనైన సాయం చేస్తానని అన్నారు. రెండువందల పద్నాలుగు మహిళా పాయింటు. కావాలంటే అది ఇప్పించడానికి ప్రయత్నిస్తానన్నారు. తీసి చూపించారు. 1931లో జరిగిన పశువుల సంత. ఒక ఎద్దు, పక్కన పంచె కట్టిన దొర.

"అప్పటికి నేను పుట్టలేదండీ" అంది నూకరత్నం.

"పుట్టిన తేదీ నిబంధన రోస్టరులో లేదండీ. మీరు మా శాఖ పెన్షనరేనా?"

"కాదండీ."

"అయితే ఇదీ రాదు. క్షమించండి."

మెట్లు దిగుతూ అప్పయ్యమ్మ, "పోనీ ఆ ఎద్దుని పుచ్చుకోవలసింది, బావుంది" అంది. నూకరత్నం ఆమెను రిక్షా ఎక్కించింది.

మార్చి ఎనిమిదిన సభ జరిగింది. సంచాలకులు మాట్లాడుతూ, కేవలం నాలుగు నెలల వ్యవధిలో ఈ రాష్ట్రం రెండువందల మంది చారిత్రక మహిళా ఛాయాచిత్రకారిణులను సృష్టించుకున్నదని, ఇంత వేగంగా చరిత్ర నిర్మించిన కార్యాలయం మరొకటి లేదని అన్నారు. వేదిక మీద సత్కారం పొందినవారిలో పక్క జిల్లాలో టైపిస్టుగా రిటైరైన చుండూరు లీలావతి ఉన్నారు. ఆమె పేరున ఏడు ఫోటోలు ఉన్నాయి. ఒకటి 1898 నాటిది. ఏ కెమెరా వాడేవారని విలేకరులు అడిగారు.

"నాకేం తెలుసు నాయనా" అన్నారామె. "పెన్షను ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. రాకపోతే ఆపేస్తారేమోనని వచ్చాను. ఈ శాలువా నాకేనా, మళ్లీ ఇచ్చెయ్యాలా?"

ఆ జవాబు తరువాత నూకరత్నం మొదటి అంతస్తుకు వెళ్లి చీటీ చింపింది.

ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించినందుకు ఆమె మీద ఫిర్యాదు రాశారు. పోలీసు స్టేషనులో ఎస్సై ఫిర్యాదు చదివి, నష్టం ఎంత అని అడిగారు. ఒక చీటీ, నాలుగు అంగుళాలు అని చెప్పారు. ఫోటో చూపించమన్నారు. చూసి, ఇందులో మా కానిస్టేబుల్ ఏం చేస్తున్నాడని అడిగారు. ఫిర్యాదును భాండాగారం ఆ సాయంత్రమే వెనక్కి తీసుకుంది.

తరువాత ముగ్గురు సభ్యులతో విచారణ కమిటీ వేశారు. కమిటీ ఫోటోను మూడుసార్లు పరిశీలించింది. ఛాయాచిత్రకారుడు తన ఛాయాచిత్రంలో కనిపించడం వల్ల సందర్శకులలో అనవసర సందేహాలు తలెత్తుచున్నవని తేల్చింది. చీటీ తప్పు కాదు, కేటాయింపు తప్పు కాదు. తప్పు ఫోటోలో ఉంది. కనుక ఫోటోలోని వివాదాస్పద పురుషుని తొలగించవలెనని సిఫారసు చేసింది.

కంప్యూటరులో తీసేయవచ్చునని ఒక సభ్యుడు అన్నాడు. అది పాత వస్తువు కాబట్టి పాత పద్ధతిలోనే, నెగెటివ్ మీద చేత్తోనే చెయ్యాలని భాండాగారం నియమావళిలో ఉంది. నెగెటివ్ దిద్దేవాళ్లు ఎవరున్నారని జిల్లా అంతా వాకబు చేశారు. పని తెలిసినవాళ్లు చాలామంది పోయారు, కొందరికి చూపు పోయింది. చూపూ చెయ్యీ రెండూ ఉన్న మనిషి ఒక్కరే తేలారు. ఆమె జగన్నాథపురంలో ఉంది.

సంచాలకులు స్వయంగా వెళ్లారు. హైమవతి వెంట ఉన్నారు. నూకరత్నం వాళ్లను వరండాలో కూర్చోబెట్టింది. అప్పయ్యమ్మ అక్కడే చింతపండు గింజలు తీస్తోంది.

"అమ్మా, తమరి సేవలు శాఖకు అవసరమైనవి" అన్నారు సంచాలకులు. "తమరు తమ భర్తగారిని తొలగించవలసి ఉంటుంది."

"ఇరవై ఏళ్ల కితం ఆయనే పోయాడు కదండీ."

"ఫోటోలో నుంచి."

అప్పయ్యమ్మ గింజలు పక్కన పెట్టింది. "ఇదేం కోరికయ్యా బాబూ! మొగుణ్ణి సెరిపెయ్యమని పెళ్లానికి సెప్తారా?"

"అక్కా, ఉండు." నూకరత్నం సంచాలకుల వైపు తిరిగింది. "ఆయన బతికున్నప్పుడొచ్చి ఈ మాట చెప్పుంటే రెండు రోజులు కూర్చుని చాలా సంతోషంగా చేసేదాన్నండీ. ఇప్పుడెందుకు?"

హైమవతి వివరించారు. దిద్దిన ఫోటో కొత్త ఫోటో కింద లెక్క. కొత్త ఫోటోకు కొత్త నంబరు. రిజిస్టరులో తరువాతి నంబరు ఆరువందల ఒకటి. అది మహిళా పాయింటు.

నూకరత్నం హైమవతి వైపు తిరిగింది.

"అంటే, నా పేరొస్తాదాండీ?"

"మహిళ పేరు వస్తుంది" అన్నారు సంచాలకులు.

హైమవతి నేల వైపు చూశారు. అప్పయ్యమ్మ ఇద్దరి మొహాలూ చూసింది.

"మామ్మగారూ" అన్నారు హైమవతి, "నిబంధనల ప్రకారం నేను చెప్పగలిగింది ఒక్కటే. ఉత్తర్వు కాపీ బాగా చదువుకోండి. అందులో ఉన్నంతే చెయ్యండి. లేనిది చెయ్యమని మిమ్మల్ని ఎవరూ అడగలేరు. లేనిది చేశారని కూడా అడగలేరు."

నూకరత్నం ఉత్తర్వు తీసుకుంది. అద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది. ఫోటోలోని వివాదాస్పద పురుషుని తొలగించవలెను అని ఉంది. పేరు లేదు.

"చేస్తానండీ" అంది. "పక్కన ఎవరూ ఉండకూడదు."

"అప్పయ్యమ్మగారు?"

"అక్క విషయం కదండీ. ఉంటాది."

భాండాగారంలో ఉన్న ప్రింటు నుంచి నెగెటివ్ నకలు ఒకటి తీయించి ఆమెకు పంపారు. కిటికీ దగ్గర దిద్దుడు బల్ల వేసుకుని ఆమె పని చేసింది. కత్తి మొనతో గీకడం, సన్నటి పెన్సిలుతో నింపడం. చెక్కిన పెన్సిళ్లు అప్పయ్యమ్మ అందించింది.

"రత్నం, నిజంగా మీ ఆయన్ని గీకేస్తావేంటే?"

"ఆయన్నెందుకు గీకుతాను? వివాదం ఎవరు పెట్టేరక్కా ఆ రోజు?"

"పోలీసోడు."

"మరి?"

అప్పయ్యమ్మ బల్ల మీదికి వంగి చూసింది. "టోపీతో మొదలెట్టు" అంది.

కానిస్టేబుల్ టోపీ, భుజం, లాఠీ, బూట్లు వ్యాగను చెక్కల్లో కలిసిపోయాయి. అతను పట్టుకున్న సూర్యారావు చెయ్యి మిగిలింది. ఎవరూ పట్టుకోకుండా ఆ చెయ్యి పైకి ఉంది.

ఏప్రిల్ మొదటి వారంలో నెగెటివ్ భాండాగారానికి అందింది. ప్రింటు వేశారు. కమిటీ సమావేశమైంది. దిద్దకముందు ఫోటోలో పురుషులు ఇద్దరు. దిద్దిన తరువాత ఒకరు. తొలగింపు జరిగినట్టు ధ్రువీకరించి ముగ్గురూ సంతకాలు చేశారు. తొలగినది ఏ పురుషుడో చూడాలా అని గుమాస్తా అడిగాడు. ఉత్తర్వులో అది అడగలేదని హైమవతి చెప్పారు.

ఆరువందల ఒకటో నంబరు ఫోటోను ఏప్రిల్ పదకొండున గోడకు తగిలించారు. నూకరత్నం, అప్పయ్యమ్మ ఇద్దరినీ పిలిచారు. సంచాలకులు చీటీ మీది గుడ్డ తొలగించారు. చీటీలో రెండు వరసలు ఉన్నాయి. హైమవతి చదివారు.

"ఛాయాచిత్రకారిణి: చుండూరు లీలావతి. విషయం: మహిళా కూలీలకు చెయ్యెత్తి ఉద్బోధిస్తున్న నాయకుడు."

సిబ్బంది చప్పట్లు కొట్టారు.

"ఎవరు నాయకుడు?" అంది అప్పయ్యమ్మ. "సూర్యారావా? ఓరి దేవుడా! కూలి పెంచమని మేవు పట్టాల మీద కూకుంటే, నాయకుడు ఈడా? పుట్టి బుద్ధెరిగి మిల్లు గడప తొక్కాడా ఈ మడిసి?"

"చెయ్యెత్తిన వ్యక్తిని నాయకుడిగా వర్ణించాలని వివరణల మాన్యువల్లో ఉన్నదమ్మా" అన్నారు సంచాలకులు.

"నా పేరు లేదండీ" అంది నూకరత్నం.

"మహిళ పేరు ఉన్నది కదమ్మా. సీనియారిటీలో లీలావతిగారి వంతు వచ్చింది. చరిత్రకు మహిళ కావాలి. ఏ మహిళ అన్నది పరిపాలనా విషయం."

నూకరత్నం చీటీ దగ్గరకు వెళ్లింది. అటెండరు అడ్డం నిలబడ్డాడు. ఆమె చీటీని ముట్టుకోలేదు.

"ఒకటి అడుగుతానండీ. ఈ ఫోటో గోడ మీంచి ఇక తియ్యరు కదా?"

"ఎలా తీస్తాం? నమోదు అయిపోయింది. ముగ్గురు సభ్యులు సంతకాలు చేశారు."

"మళ్లీ దిద్దించరు కదా?"

సంచాలకులు హైమవతి వైపు చూశారు.

"ఒక చుక్క మార్చినా కొత్త నంబరు ఇవ్వాలి సార్" అన్నారు హైమవతి. "రిజిస్టరు ఆరువందల ఒకటితో మూసేసి సీలు వేశాం. మళ్లీ తెరవాలంటే కార్యదర్శిగారి ఉత్తర్వు కావాలి. తెరిస్తే ఈ ఆరువందలూ మళ్లీ పరిశీలనకు వస్తాయి."

"అయితే మార్చము" అన్నారు సంచాలకులు. "ఎప్పటికీ మార్చము."

"సంతోషమండీ" అంది నూకరత్నం. "కంకర రాళ్ల దగ్గర కాస్త చూడండి."

నెగెటివ్ మీద నల్ల సిరాతో తిరగేసి రాస్తే ప్రింటులో తెల్లగా, సూటిగా వస్తుంది. పాత స్టూడియోల వాళ్లు తమ పేరు అలాగే వేసుకునేవారు. పట్టాల కింద కంకర మీదుగా, ఫోటో ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తెల్లటి సన్నటి అక్షరాలు ఉన్నాయి. దూరం నుంచి రాళ్ల మీద పడిన ఎండలా ఉన్నాయి. కమిటీ పరిశీలనలో అవి ఎండ కిందే లెక్కకు వచ్చాయి.

సంచాలకులు వంగి చూశారు. అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

"ఇది తొలగించాలి" అన్నారు.

"కొత్త నంబరు సార్" అన్నారు హైమవతి.

"ఏమి రాసి ఉంది? బయటికి చదవండి."

హైమవతి గోడకు దగ్గరగా వెళ్లి, అందరికీ వినపడేలా చదివారు.

"ఇది తీసింది పెంకే నూకరత్నం. సమ్మె చేసింది ఎడమ నుంచి అప్పయ్యమ్మ, ఆమె కూతురు, పోలమ్మ, చిట్టెమ్మ, గంగాభవాని, కామాయి, సత్తెమ్మ, బుల్లెమ్మ, వీరవేణి, నాగులు, పెద చంద్రమ్మ, చిన చంద్రమ్మ. చెయ్యెత్తినాయన మా ఆయన. వానొస్తోందని గొడుగు తెచ్చాడు."